నేల మీద చేసిన పరీక్ష

రెండువేల పదిహేడవ సంవత్సరం, జూలై నెల పద్దెనిమిదవ తేదీ, మంగళవారం. ఆషాఢమాసం ముగింపుకు వచ్చింది గాని ఆషాఢపు గాలి ముగింపుకు రాలేదు. ఆకాశం నిండా మబ్బే, నేల మీద ఒక్క చుక్క లేదు. పడమటి గాలి ఆ మబ్బులను గొర్రెల మందను తోలినట్లు తోలుకొనిపోయి ఎక్కడో నల్లమల మీద కుమ్మరిస్తుంది. నడుమ ఉన్న ఊళ్ళకు దక్కేది దుమ్ము. ఆళ్ళగడ్డలో ఆ దుమ్ముకు మరొకటి తోడవుతుంది. శిల్పులు రాళ్ళు చెక్కే పాకలు రోడ్డు పక్కనే ఉన్నాయి గనుక, గాలి లేచిన రోజున రాతిపొడి కూడా లేచి దారిన పోయేవాళ్ళ కనుబొమల మీద తెల్లగా వాలుతుంది. కొత్తవాళ్ళు దులుపుకొంటారు. ఊరివాళ్ళు దులుపుకోరు.

నంద్యాల బస్సు దిగిన భ్రమరాంబిక కొంగు తలమీదుగా కప్పుకొని, భుజాన గుడ్డసంచి సర్దుకొని ఆ పాకల వెంట నడిచింది. ముప్పైనాలుగేళ్ళ మనిషి. నంద్యాలలో ఒక సేవాసంస్థ నడిపే కేంద్రంలో ఉద్యోగం. ఎదుగుదలలో వెనుకబడ్డ పసిపిల్లలను మూడేళ్ళు నిండకముందే గుర్తించి, వాళ్ళకు కూర్చోవడం, నడవడం, మాట్లాడడం నేర్పడం, ఆ నేర్పే పద్ధతిని తల్లులకు చూపించడం ఆమె పని. ఆ ఉద్యోగానికి కాగితం మీద పొడవైన ఇంగ్లీషు పేరొకటి ఉంది. దాన్ని తెలుగు చేయబూనిన మహానుభావుడెవరో అంతకంటె పొడవైన సమాసం ఒకటి కట్టి బోర్డు మీద రాయించాడు. పలికేవాడికి ఊపిరి చాలని పేరు లోకంలో నిలవదు. గిలకలు, గజ్జెలు, అద్దం పట్టుకొని పిల్లలతో ఆడుతుంది గనుక జనం ఆమెను 'ఆటల మేడమ్' అన్నారు. ఆమెకూ ఆ పేరే ఇష్టం.

ఆమె తండ్రి నంద్యాలలో ఒక రైస్‌మిల్లులో కాటా గుమాస్తా. తూకంలో ఒక్క గింజ అటూ ఇటూ కాకూడదని పట్టుబట్టే మనిషి. ఆ పట్టుదల కూతురికీ వచ్చిందని ఇంట్లోవాళ్ళు అనేవారు. డిగ్రీ అయ్యాక కర్నూలులో ప్రత్యేక విద్యలో డిప్లొమా చదివి ఈ పనిలో చేరింది. చేరిన తొలి ఏడాది, కొత్తపల్లె మండలంలో అడవి అంచునున్న ఒక గూడానికి పోయినప్పుడు, మర్యాదకని వేసిన కుర్చీలో కూర్చొని పిల్లవాణ్ణి పిలుస్తూ ఉండగా, వాడి అవ్వ చెంచమ్మ అడిగింది: "నువ్వట్ల కుర్చీలో కూసుంటే మా పిల్లోడు నీ కాళ్ళతో మాట్లాడల్లనా?"

ఆ మాట భ్రమరాంబికకు చెళ్ళుమని తగిలింది. ఆనాటినుంచి ఏ ఇంటికి పోయినా ఆమె నేల మీదనే కూర్చుంది. కేంద్రం ఇచ్చిన బొమ్మల పెట్టెను కూడా బీరువాలో పెట్టేసి, ఇంట్లో దొరికే చెంబుతో, గరిటెతో, చాటతో పని చేసేది. కేంద్రం పెద్ద ఆదినారాయణ కొత్తగా చేరినవాళ్ళతో, "పని నేర్చుకోవాలంటే భ్రమరాంబిక వెంట ఒక్క మంగళవారం పోండి" అనేవాడు. ఆమె విననట్లు తల వంచుకొనేది గాని ఆ మాట ఆమెకు తీపిగానే ఉండేది. నేల మీద కూర్చోవడమన్నది మంచి అలవాటే. ఆమెను ముంచింది కూడా అదే.

ఆ మంగళవారం ఆమె పోయిన ఇల్లు చెన్నకేశవులు అనే శిల్పిది. ఇంటి ముందర పాక. పాకలో అతడు ఒక నల్లరాయిని రెండు కట్టెమొద్దుల మీదికి ఎత్తించి, చిన్న సుత్తితో ఒక్కొక్క చోట తట్టి, చెవి దగ్గరగా పెట్టి వింటున్నాడు.

"ఏందన్నా, రాయితో మాట్లాడతాండావ్?" అని అడిగింది భ్రమరాంబిక.

"మాట్లాడేది నేను గాదు మేడమ్. అదే మాట్లాడల్ల," అన్నాడు చెన్నకేశవులు నవ్వకుండా. "లోపల పగులుందా లేదా అని చూస్తాండా. ఈడ కొడితే గణగణమంటాంది, వినండి. ఇంగ ఈడ. ఈడ గూడ బాగుంది. ఇట్ల పది చోట్ల చూడల్ల. చూడకుండా చెక్కినామనుకో, ఆర్నెల్లు పని చేసినంక ముక్కు కాడికొచ్చేసరికి మొగమంతా ఊడి చేతికొస్తాది."

"మరి ఆ మొద్దులెందుకు కింద?"

"నేల మింద పెట్టి కొడితే నేల పలుకుతాది మేడమ్, రాయి పలకదు. పైకెత్తి కొడితేనే రాయి సంగతి తెలిసేది."

భ్రమరాంబిక ఆ మాటను మెచ్చుకొంది. ఇటువంటి పనివాళ్ళ తెలివి పుస్తకాలలో దొరకదని మనసులో అనుకొంటూనే గడప దాటి లోపలికి పోయింది. మెచ్చుకొన్న మాటను గడప అవతలనే వదిలి పోయిందని ఆమెకు తెలియడానికి పదహారు నెలలు పట్టింది.

లోపల నేలంతా పెద్ద పెద్ద నాపరాళ్ళు పరిచిన ఇల్లు. చెన్నకేశవులు తల్లి నాగేశ్వరమ్మ గబగబా కుర్చీ తెచ్చి వేసింది. ఆమెకు వయసు అరవై దాటినా గొంతు ఇంకా ముప్పై దాటలేదు. భ్రమరాంబిక కుర్చీని పక్కకు జరిపి కింద కూర్చొంది.

"ఇదేందమ్మా, కుర్చీ ఏస్తే కింద కూసుంటాండావ్? మా కుర్చీ నచ్చల్యా?"

"కుర్చీలో కూసుంటే నీ మనమడు నాకు అందడు పెద్దమ్మా."

మనుమడు మహేశ్వర్‌కు అప్పటికి పదకొండు నెలలు. తల్లి దుర్గ వాణ్ణి తెచ్చి నాపరాయి మీద కూర్చోబెట్టింది. దుర్గకు ఇరవై రెండేళ్ళుంటాయేమో. నాగేశ్వరమ్మకు ఆమె కోడలే గాక సొంత అన్న కూతురు కూడా. మేనరికం. పిల్లవాడు పది నెలలకు గాని కూర్చోలేదనీ, కాళ్ళు ఊనడం లేదనీ అంగన్‌వాడీ టీచర్ కృష్ణమ్మ కబురు చేయగా భ్రమరాంబిక వచ్చింది. కనుక ఆమె ధ్యాసంతా కాళ్ళ మీదనే ఉంది. అరగంట సేపు వాడి మోకాళ్ళు వంచి చూసింది, పాదాలు తన అరచేతిలో ఆనించి చూసింది, పొట్ట మీద బోర్లా వేసి చూసింది. కండ మెత్తన, అంతే. సాధన చేస్తే నిలబడతాడు. ఆ నిర్ణయం సరైనదే.

చెవుల పరీక్ష చివరిది. బస్సుకు వేళవుతోంది. భ్రమరాంబిక అన్నం తినే స్టీలు తట్ట ఒకటి, గరిటె అడిగి తీసుకొని, పిల్లవాడి వెనకకు జరిగి, తట్టను నాపరాయి మీద పెట్టి గరిటెతో ఒక్కటి వేసింది. పిల్లవాడు తిరిగి చూశాడు. ఇంకొకటి వేసింది. మళ్ళీ తిరిగాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పసివాడి చెవిని పరీక్షించేవాళ్ళకు పాటించవలసిన నియమాలు మూడున్నాయి. వెనకనుంచి చప్పుడు చేసేటప్పుడు మన నీడ వాడి మీద పడకూడదు, గాలి వాడి ఒంటికి తగలకూడదు, వాడు కూర్చున్న చోటు అదరకూడదు. నీడను చూసి తిరిగినా, గాలికి తిరిగినా, అదురుకు తిరిగినా అది వినడం కాదు. ఈ మూడు 'కూడదు'లనూ భ్రమరాంబిక స్వయంగా, అంతకు రెండు నెలల ముందు, నలభై మంది అంగన్‌వాడీ టీచర్ల చేత పలకల మీద పిల్లల్లాగ రాయించింది.

అప్పుడు దుర్గ అంది: "అక్కా, మంచం మింద ఉన్నప్పుడు ఎంత పిలిచినా తిరగడు. కిందుంటేనే తిరుగుతాడు."

ఆ పిల్ల చెప్పింది అంతే. ఏ డాక్టరూ అంతకంటె కచ్చితంగా చెప్పలేడు.

భ్రమరాంబిక నవ్వింది. "పొద్దస్తమానం సుత్తి మోతలో పెరిగే పిల్లోడు దుర్గా. నీ పిలుపొక లెక్కనా వానికి? వింటాడు, పట్టించుకోడు. మొగోడు గదా."

"వాళ్ళ నాయన గూడ అంతే," అని అందుకొంది నాగేశ్వరమ్మ. "పది మాట్లు పిలిస్తే గాని పలకడు. దుడ్లు లెక్కబెట్టేటప్పుడు మాత్రం ఎలుక కదిలినా వినపడతాది."

పాకలోనుంచి చెన్నకేశవులు, "ఏందమ్మా, నా పేరు తీస్తాండావ్?" అని కేకేశాడు. అందరూ నవ్వారు. దుర్గ కూడా నవ్వింది గాని, నవ్వుతూ మంచం వైపు ఒకసారి చూసింది. ఆ చూపు భ్రమరాంబిక కంటబడింది. బస్సుకు వేళవుతోంది.

ఆమెకు చేతిరాత ముత్యాల కోవ. ప్రతి ఇంట్లోనూ ఏం చూసిందో, ఏ సాధన చేయించాలో తెలుగులో రాసి సంతకం పెట్టి ఇచ్చి, నకలొకటి కేంద్రం ఫైల్లో పెట్టడం ఆమె పద్ధతి. ఆ కాగితంలో ఏడవ వాక్యం ఇది: 'శబ్దానికి వెంటనే తిరుగుతున్నాడు, వినికిడి బాగుంది.' నాగేశ్వరమ్మకు చదువు రాదు. చదివించుకొని విని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దేవుని గూట్లో పెట్టింది.

ఆ తరువాత నెలకొక మంగళవారం భ్రమరాంబిక ఆ ఇంటికి పోయింది. పోయిన ప్రతిసారీ పిల్లవాడితో నేల మీదనే కూర్చొంది. పదిహేడు నెలలకు మహేశ్వర్ గోడ వదిలి నాలుగడుగులు వేశాడు. మాట రాలేదేమని దుర్గ అడిగితే, "నడక ముందొస్తే మాట ఎనకొస్తాది," అని చెప్పింది. నడక వచ్చిన సంతోషంలో చెన్నకేశవులు ఆమెకొక చిన్న రోలు చెక్కి ఇచ్చాడు. దోసిట్లో పట్టేటంత రోలు. అంచు చుట్టూ సన్నని తీగ. బొమ్మ ఇవ్వకుండా రోలెందుకని ఎవరో అడిగితే, "బొమ్మనైతే బీరువాలో పెడ్తాది, రోలైతే పొద్దూ వాడతాది," అన్నాడట. నిజంగానే భ్రమరాంబిక రోజూ తెల్లగడ్డ, అదే వెల్లుల్లి, అందులోనే దంచేది.

రెండువేల పద్దెనిమిది నవంబరులో కృష్ణమ్మ ఫోను చేసింది. మహేశ్వర్‌ను కర్నూలుకు తీసుకుపోయి యంత్రంతో చూపించారట. రెండు చెవులూ దాదాపు వినపడవట. "ఇంకా ముందు ఎందుకు తేలేదు?" అని డాక్టరు అడిగితే నాగేశ్వరమ్మ ఆ కాగితం తీసి చూపించిందట. పదకొండు నెలలప్పుడు బాగుండినాయని రాసి ఉంది గనుక, ఆ తరువాత ఏదో జరిగి ఉంటుందని డాక్టరూ అనుకొన్నాడట. ఏం జరిగిందో ఇంట్లోవాళ్ళు వెతికారు. వెతికితే దొరకనిదేముంది? శివరాత్రి రోజుల్లో పిల్లవాడు చెవినొప్పితో ఏడుస్తూంటే దుర్గ తెల్లగడ్డ వేసి కాచిన నూనె గోరువెచ్చగా రెండు చుక్కలు పోసింది. ఆ సీమలో పోయని తల్లి లేదు.

మరుసటి మంగళవారం భ్రమరాంబిక ఆ గడప దాటింది. నాగేశ్వరమ్మ ఈసారి కుర్చీ తేలేదు. దేవుని గూట్లోనుంచి కాగితం తెచ్చి చేతికిచ్చింది. మడతల మీద కుంకుమ అంటుకొని ఉంది.

"నీ చేత్తో రాసిందే గదా. సదువు."

భ్రమరాంబిక ఏడవ వాక్యం చదివింది.

"ఇన్యావా?" అంది నాగేశ్వరమ్మ, వంటింటి గుమ్మంలో నిలబడ్డ దుర్గ వైపు తిరిగి. "మా అన్న కూతురని తెచ్చుకుంటి. బంగారట్లాంటి చెవులు. నూనె పోసి మూసిపెట్టె."

పిల్లవాడు గోడ దగ్గర నేల మీద కూర్చొని, సుద్దముక్కతో నాపరాయి మీద గీతలు గీస్తున్నాడు. అంతలో బయట పాకలో ఎవరో పెద్ద సమ్మెట దించారు. పిల్లవాడు తలెత్తి వాకిలి వైపు చూశాడు.

భ్రమరాంబిక తట్ట, గరిటె తెచ్చుకొంది. వాణ్ణి ఎత్తి నులకమంచం మీద కూర్చోబెట్టింది. తట్టను ఈసారి నేల మీద పెట్టకుండా చేతిలో పట్టుకొని, వాడి వెనక నిలబడి గరిటెతో కొట్టింది. నాగేశ్వరమ్మ చెవులు మూసుకొంది. పిల్లవాడు సుద్దముక్క వంకే చూస్తున్నాడు. ఇంకొకసారి కొట్టింది. వాడు సుద్దముక్కను నోట్లో పెట్టుకొన్నాడు.

రాయిని పది చోట్ల తట్టి చూసే ఇంట్లో, పిల్లవాణ్ణి ఆమె ఒక్క చోటనే చూసింది. అదీ నేల మీద పెట్టి.

తలెత్తేసరికి దుర్గ ఆమెనే చూస్తోంది. దుర్గకు అర్థమైపోయింది. ఆ కళ్ళలో కోపం లేదు. ఎదురుచూపు ఉంది. అక్క ఇప్పుడు చెబుతుంది, చెప్పడానికే వచ్చింది అన్న ఎదురుచూపు.

"చెప్పు మేడమ్," అంది నాగేశ్వరమ్మ. "నీవు చూసిన పొద్దు బాగనే ఇన్యాడు గదా?"

భ్రమరాంబిక నోరు తెరిచింది. 'లేదు పెద్దమ్మా, తప్పు నాది' అన్న మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఆదినారాయణ మెచ్చుకోలు, నలభై మంది అంగన్‌వాడీ టీచర్లు, కాటా దగ్గర నిలబడ్డ తండ్రి, అందరూ ఒక్కసారి కళ్ళ ముందు నిలబడ్డారు.

"ఆ పొద్దు తిరిగినాడు పెద్దమ్మా," అంది.

కర్తా క్రియా కుదిరిన వాక్యం. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. వ్యాకరణం తప్పులన్నిటినీ పట్టుకోగలదు గాని ఇటువంటి దాన్ని పట్టుకోలేదు.

దుర్గ తల దించుకొంది. లోపలికి పోయి టీ పెట్టి తెచ్చింది. భ్రమరాంబిక ఆ టీ తాగింది. తరువాతి సంవత్సరాలలో ఎన్ని గుర్తొచ్చినా ఆమె తట్టుకొంది గాని, ఆ టీ తాగానన్న సంగతి గుర్తొస్తే మాత్రం కూర్చున్న చోటినుంచి లేచి అటూ ఇటూ తిరిగేది.

నంద్యాలకు వచ్చి ఆదినారాయణ దగ్గర సగం చెప్పింది. "సార్, ఆళ్ళగడ్డ పిల్లోని ఫైల్లో చెవుల సంగతి నేను రాసింది..."

"కొత్త రిపోర్టు వచ్చింది గదమ్మా. దాన్ని చూసి కొత్తగా రాసెయ్. పాతదాన్ని కదిలించేదెందుకు?" అన్నాడాయన, వేరే కాగితం చూస్తూ. మిగిలిన సగం ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. గదిలోనుంచి బయటికి వస్తూంటే గుండె తేలికైంది. అలా తేలికైనందుకు ఆ సాయంత్రం ఇంట్లో తన ముఖం అద్దంలో చూసుకోలేకపోయింది.

మహేశ్వర్‌కు చెవి మిషన్లు పెట్టారు. సైగలు, పెదవుల కదలిక నేర్పించడానికి దుర్గ వాణ్ణి వారం వారం బస్సులో నంద్యాలకు తీసుకొచ్చేది. రానూ పోనూ ఎనభై కిలోమీటర్లు. భ్రమరాంబిక వాడి మీద మిగతా పిల్లలకంటె రెట్టింపు సేపు గడిపేది. దుర్గ వైపు మాత్రం చూసేది కాదు. దుర్గ ఒక్కనాడు కూడా ఆ సంగతి ఎత్తలేదు. 'అక్కా' అనడం మానలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని, ఒక్క తిట్టు తిట్టి ఉంటే తన నోరు తెరుచుకొనేదని భ్రమరాంబిక తనకు తాను చెప్పుకొనేది. తిట్టవలసిన బాధ్యతను కూడా ఆ పిల్ల మీదికే నెట్టానని ఆమెకు తెలియక కాదు.

ఒక మంగళవారం ఆమె తెరకు ఈవల గిలకలు తుడుస్తూ ఉంది. తెరకు ఆవల బెంచీ మీద తల్లులు వంతుకోసం కూర్చొని ఉన్నారు. పాణ్యం నుంచి కొత్తగా వచ్చిన కొండమ్మ అనే ఆమె దుర్గను అడిగింది.

"మీ పిల్లోనికి ఏమైంది?"

"చెవులు ఇనపడవు."

"పుట్టిననాటినుంచేనా?"

"లేదు. పుట్టినప్పుడు బాగనే ఉండినాడు. ఈడ మేడమ్ గూడ చూసె. నేనే నూనె పోసినా చెవిలో."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. తెర అవతల ఎవరో వింటున్నారన్న అనుమానం కూడా లేదు. మంచం సంగతి కనిపెట్టిన తల్లి, ఆనాడు గుమ్మంలో నిలబడి అంతా అర్థం చేసుకొన్న తల్లి, చుట్టూ ఉన్నవాళ్ళు అదే మాట అనగా అనగా, కాదనవలసిన ఒక్క మనిషీ కాదనకపోగా, చివరికి తానూ నమ్మింది.

భ్రమరాంబిక చేతిలోని గిలకను చప్పుడు కాకుండా సంచిలో పెట్టింది. తెర తీసి నాలుగు మాటలు చెబితే సరిపోయేది. ఆమె వెనక వాకిలినుంచి నీళ్ళ డ్రమ్ము దగ్గరకు పోయి, చేతులు కడిగినవే మళ్ళీ కడుగుతూ నిలబడింది.

ఆరు నెలల్లో నందికొట్కూరులో కేంద్రానికి ఒక శాఖ తెరిచారు. భ్రమరాంబిక అడిగి మరీ అక్కడికి పోయింది. పెద్ద బాధ్యత అప్పగించారని బంధువులు అభినందించారు. రోలు కూడా వెంట పోయింది గాని వంటగదిలో గట్టు మీదికి ఎక్కలేదు; బియ్యం డబ్బా వెనక ఉండిపోయింది. తెల్లగడ్డ మిక్సీలో వేసేది. మూడుసార్లు ఆళ్ళగడ్డకు పోయి చెప్పేద్దామని బయలుదేరింది. మూడుసార్లూ శిరివెళ్ళలో బస్సు దిగి ఎదురు బస్సెక్కింది. అక్కడ బడ్డీకొట్టు అతను మూడోసారి, "యాడికి పోయి యాడికొస్తాండావ్ మేడమ్?" అని నవ్వుతూ అడిగాడు. ఆమె మంచినీళ్ళ సీసా కొనుక్కొంది. రెండువేల ఇరవై రెండులో నంద్యాల జిల్లా అయింది. బోర్డులన్నీ మారాయి, ముద్రలు మారాయి, ఉత్తరాల మీద చిరునామాలు మారాయి. ఆ ఫైల్లో ఏడవ వాక్యం మారలేదు.

రెండువేల ఇరవై నాలుగు నవంబరులో ఒక సాయంత్రం కృష్ణమ్మ వేరే పనిమీద ఫోను చేసి, చివర్లో మాటవరసకు చెప్పింది.

"దుర్గకు ఆడబిడ్డ పుట్టె మేడమ్. రెండు నెల్లు. మహేశు మూడో తరగతి. పాకలో వాళ్ళ నాయన కాడ కూసొని రాయి మింద బొమ్మలు గీస్తాంటాడు."

"దుర్గ బాగుందా?"

"ఏం బాగు? బిడ్డ తలకు నీళ్ళు పోయనీదు ముసలామె. నూనె గిన్నె ముట్టనీదు. పాలిచ్చినంక బిడ్డను తీసేసుకుంటాది. అందురూ అలవాటు పడినారు. దుర్గ గూడ పడింది."

"కృష్ణమ్మా, ఆ బిడ్డ చెవులు చూపించినారా?"

"నేను చెప్తినే. అన్నకు అట్లుంది గదా, చూపించండమ్మా అంటి. ఆమె ఏమనె తెలుసునా? 'దీని చెవులకేమి? దీని చెవుల్లో ఎవురూ నూనె పోయల్యా' అనె."

భ్రమరాంబిక ఫోను పెట్టేసింది. ఇన్నాళ్ళూ తన తప్పును ఒక గాయంగానే తలచింది. కట్టు కట్టి దాచుకోవచ్చుననుకొంది. అది పాకుతుందని అనుకోలేదు. తన ఒక్క వాక్యం మొదట కొడుకు పదహారు నెలలను తిన్నది, ఆ తరువాత తల్లిని తిన్నది, ఇప్పుడు ఆ ఇంట్లోనే రెండు నెలల పసిగుడ్డు దగ్గర కూర్చొంది.

ఫోనులో చెబుదామనుకొంది. తన నోటిని ఆమె ఎరుగును. మధ్యలో ఏదో సందు చూసుకొని తప్పుకొంటుంది. బియ్యం డబ్బా వెనకనుంచి రోలు తీసి, తుడిచి, బల్ల మీద ఎదురుగా పెట్టుకొని కలం తీసింది. రాసి పంపిన ఉత్తరం ఇది.

నందికొట్కూరు,
13-11-2024.

నాగేశ్వరమ్మ పెద్దమ్మకు భ్రమరాంబిక నమస్కారాలు.

ఈ ఉత్తరం చెన్నకేశవులన్న చేత చదివించుకొని వినండి. లోపల గదిలో వద్దు. పాకలో, పనివాళ్ళందరూ ఉండగా చదివించండి. దుర్గను నూనె పోసినదని అన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో అంతమందీ వినాలి.

మహేశ్వర్ చెవులు పోవడానికి దుర్గ కారణం కాదు. దుర్గ నూనె పోసింది వాడికి ఏడాదిన్నర వయసులో. వాడికి పదకొండు నెలలప్పుడే వినపడేది కాదు. ఆ సంగతి కనిపెట్టవలసిన దాన్ని నేను. కనిపెట్టలేకపోయాను. మీ దేవుని గూట్లో ఉన్న కాగితంలో 'వినికిడి బాగుంది' అని నేను రాసిన మాట తప్పు.

తప్పు ఎట్లా జరిగిందో చెబుతాను. పిల్లవాణ్ణి నాపరాయి మీద కూర్చోబెట్టి, అదే నాపరాయి మీద తట్ట పెట్టి కొట్టాను. రాయి అదిరింది. ఆ అదురుకు వాడు తిరిగాడు, చప్పుడుకు కాదు. చెన్నకేశవులన్నా, ఆ పొద్దు నువ్వు రాయిని మొద్దుల మీదికి ఎత్తి తట్టి చూస్తూ, నేల మీద పెడితే నేలే పలుకుతుందని నాకు చెప్పినావు. ఆ మాట విని, లోపలికి వచ్చి, నీ కొడుకును నేల మీదనే పెట్టి చూసినాను. మంచం మీద ఉంటే తిరగడని దుర్గ నాకు చెప్పింది. నేను నవ్వినాను. మీరందరూ నాతో పాటు నవ్వినారు గాని, మీకు తెలియక నవ్వినారు. నాకు తెలిసి ఉండవలసింది.

ఇంతవరకైతే పొరపాటు. దీని తరువాతది పొరపాటు కాదు. కర్నూలు నుంచి మీరు వచ్చిన తరువాత నేను మీ ఇంటికి వచ్చి, వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి చూసి, నిజం తెలుసుకొన్నాను. మీరు అడిగితే, 'ఆ పొద్దు తిరిగినాడు' అన్నాను. నా పేరు పోతుందని అట్లా అన్నాను. ఆ మాటతో నా మీద పడవలసింది దుర్గ మీద పడింది. ఆరేళ్ళు మోసింది. నేను చూస్తూ ఉన్నాను. ముందే తెలిసి ఉంటే మహేశ్వర్‌కు పదహారు నెలలు ముందుగా చెవి మిషన్లు వచ్చేవి. వాడికి మరికొన్ని మాటలు వచ్చేవేమో. ఆ లెక్క కూడా నాదే. ఈ సంగతంతా మా కేంద్రానికి వేరుగా రాసి పంపినాను.

క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. అడగడం లేదు కూడా. మీరు కోప్పడితే నా మీద కోప్పడండి. మీ ఇంటికి రమ్మంటే వస్తాను. ఈసారి శిరివెళ్ళలో దిగిపోను.

ఇప్పుడు చెప్పేది చాలా ముఖ్యం. అన్నకు ఉన్నది నూనె వల్ల వచ్చింది కాదు, పుట్టుకతో వచ్చింది గనుక చెల్లెలికి కూడా ఉండవచ్చు. ఉండకపోవచ్చు. తట్ట కొట్టి తేల్చే పని కాదు. యంత్రంతో చూడాలి. వచ్చే మంగళవారం నంద్యాల కేంద్రానికి యంత్రం తీసుకొని డాక్టరు వస్తాడు. నేనూ ఉంటాను. పిల్ల నిద్రలో ఉన్నప్పుడు చేసే పరీక్ష, నొప్పి ఉండదు. పాలిచ్చి నిద్రపుచ్చి తేవాలి. లోపం ఉంటే రెండు నెలలకే తెలియడం వాళ్ళ అన్నకు దక్కని భాగ్యం.

పెద్దమ్మా, ఆ పాత కాగితాన్ని దేవుని గూట్లోనుంచి తీసేయండి. చించవద్దు. మంగళవారం వచ్చేటప్పుడు తీసుకొని రండి. అందరి ముందర దాని మీద నేనే దిద్ది, సంతకం పెడతాను.

పాపను దుర్గనే ఎత్తుకొని రానివ్వండి.

ఇట్లు,
భ్రమరాంబిక.